మీటరు నుంచి ఎరువు బుట్ట దాకా: ఇంట్లో వృథాను తగ్గించే సమగ్ర మార్గదర్శి

పర్యావరణం కోసం ఏదైనా చేద్దామని బయలుదేరినవాళ్ళు ముందు బజారుకు వెళతారు. వెదురు బ్రష్షు, గుడ్డ సంచి, స్టీలు స్ట్రా కొని తెచ్చుకుంటారు. నేనూ అదే చేశాను. ఆ నెల కరెంటు బిల్లులో గానీ, రోజూ బయట పెట్టే చెత్త బరువులో గానీ వెంట్రుకవాసి తేడా రాలేదు. అరగకముందే పాత ప్లాస్టిక్ బ్రష్షు పారేశాను కాబట్టి చెత్త కాస్త పెరిగింది కూడా.

ఒక రోజు కాగితం, పెన్సిలు ముందేసుకుని లెక్క వేశాక విషయం తలకెక్కింది. 15 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడిచేయడానికి దాదాపు 0.35 యూనిట్ల కరెంటు కావాలి. అంతే కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 39 గంటలు వెలుగుతుంది. గదిలో లైటు ఆర్పలేదని ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుని, ఆ వెంటనే వెళ్ళి రెండు బకెట్ల వేడినీళ్ళు పోసుకుని వచ్చే మనిషిని అప్పటిదాకా నేను.

కాబట్టి ఇక్కడ అడుగుల కన్నా వాటి వరుస ముఖ్యం. ఇంట్లో వేడి పుట్టించేవి, వేడిని బయటికి తోసేవి, కుళ్ళేవి: ఈ మూడింటి సంగతి ముందు తేల్చాలి. స్ట్రాల సంగతి తరువాత చూడవచ్చు. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకండి. వారానికి ఒక అడుగు చాలు.

మొదటి అడుగు: వారం రోజులు ఏమీ మార్చకుండా కొలవండి

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని రోజూ ఒకే వేళకు కరెంటు మీటరు రీడింగ్ రాయండి. నీటికి మీటరు ఉంటే అదీ రాయండి. మీటరు చూపించే ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేసినప్పుడు ఖర్చయ్యే కరెంటు. ఆ రోజు గీజర్ ఎన్నిసార్లు వేశారో, ఏసీ ఎంతసేపు నడిచిందో పక్కనే రెండు మాటల్లో రాసుకోండి. చెత్తబుట్టను బయటికి తీసుకువెళ్ళే ముందు ఒకసారి తూకం వేస్తే ఇంకా మంచిది. చేతిలో సంచి పట్టుకుని బరువు చూసే యంత్రం మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసేస్తే సరిపోతుంది.

ఆ వారంలోనే ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంట్లో అందరూ బయటికి వెళ్ళే రోజున, లైట్లు, ఫ్యాన్లు, ఏసీ ఆపేసి, తలుపు వేసే ముందు రీడింగ్ రాయండి. తిరిగి వచ్చాక మళ్ళీ చూడండి. ఎవరూ లేని ఇల్లు ఎంత కరెంటు తిన్నదో తెలుస్తుంది. మా ఇంట్లో తొమ్మిది గంటలకు 0.9 యూనిట్లు తేలింది. అంటే ఖాళీ ఇల్లు గంట గంటకూ 100 వాట్లు మింగుతోంది. ఫ్రిజ్ మీద అంటించిన లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. దాన్ని 8.76తో భాగిస్తే సగటున ఎన్ని వాట్లో వస్తుంది. మాది ఏడాదికి 300 యూనిట్ల ఫ్రిజ్, అంటే సుమారు 34 వాట్లు. మరి మిగతా 66 వాట్లు ఎక్కడికి పోతున్నాయి?

టీవీ దగ్గర వెతికితే సగం దొంగలు అక్కడే దొరికారు. టీవీని రిమోట్‌తో ఆపినా సెట్‌టాప్ బాక్సు మెలకువగానే ఉంటుంది. పాత స్పీకర్ల పెట్టె ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. వాడని వేళ వెచ్చగా ఉన్న ప్రతి పెట్టే కరెంటు తింటున్నట్టే. రాత్రింబవళ్ళు 10 వాట్లు తీసుకునే పరికరం ఏడాదికి 87.6 యూనిట్లు ఖర్చు చేస్తుంది. వీటన్నింటినీ స్విచ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, పడుకునే ముందు ఆ ఒక్క స్విచ్ నొక్కితే పని అయిపోతుంది. ఫోను చార్జరును పెరికే పనికి మాత్రం అంత ఆత్రం వద్దు. ఫోను తగిలించని కొత్త చార్జరు తినేది అత్యల్పం.

రెండో అడుగు: వేడినీరు

షవర్ వాడేవాళ్ళు బకెట్, గడియారం తీసుకుని పది సెకన్లలో ఎన్ని నీళ్ళు వస్తాయో పట్టి, ఆరుతో గుణించండి. పది సెకన్లకు రెండు లీటర్లు వస్తే నిమిషానికి 12 లీటర్లు. ఎనిమిది నిమిషాల స్నానానికి 96 లీటర్లు. ఆ నీటిని 25 నుంచి 40 డిగ్రీలకు వేడిచేస్తే 1.6 యూనిట్లు దాటుతుంది, అదీ ఒక మనిషికి, ఒక పూటకు. నీటిలో గాలి కలిపి ధారను పలచన చేసే జల్లెడ బిళ్ళలు కొళాయిలకూ, తక్కువ నీటితో పనిచేసే షవర్ తలలూ దొరుకుతాయి. బిగించడానికి పావుగంట పడుతుంది. స్నానం రెండు నిమిషాలు తగ్గించడానికి అదీ అక్కర లేదు. బకెట్ స్నానం చేసేవాళ్ళు ఈ విషయంలో ఎప్పుడో గెలిచి కూర్చున్నారు.

నీటిని నిల్వ చేసే గీజరయితే, కావలసిన వేళకు కొద్దిగా ముందు వేసి, పని కాగానే ఆపండి. ఇక్కడ ఒక హెచ్చరిక. కరెంటు ఆదా అవుతుందని గీజర్‌ను గోరువెచ్చని స్థాయిలో పెట్టి రోజుల తరబడి నీటిని అలాగే ఉంచకండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది. ట్యాంకులో నీటిని 60 డిగ్రీల దాకా వేడిచేసి, వాడేటప్పుడు చన్నీళ్ళు కలుపుకోవడం క్షేమం.

బట్టలు ఉతకడం కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. వేడినీటి సైకిల్ పెట్టినప్పుడు వాషింగ్ మెషిన్ తీసుకునే కరెంటులో చాలా భాగం నీటిని కాచడానికే పోతుంది, డ్రమ్మును తిప్పడానికి కాదు. రోజువారీ బట్టలకు చన్నీళ్ళు, మహా అయితే 30 డిగ్రీలు చాలు. జబ్బుపడినవాళ్ళ దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలు దీనికి మినహాయింపు. మెషిన్ నిండాకే వేయండి, ఆరబెట్టే పని గాలికి అప్పగించండి. ఒకసారి తొడిగిన ప్రతి చొక్కా మురికి కాదు. గాలికి కాసేపు వేలాడదీస్తే రెండో రోజుకు పనికొచ్చేవి చాలా ఉంటాయి. పాలిస్టర్ వంటి కృత్రిమ బట్టలు ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులను నీళ్ళలోకి వదులుతాయి. తక్కువసార్లు, చల్లగా, నిండు మెషిన్‌తో ఉతికితే ఆ పోగులూ తగ్గుతాయి.

మూడో అడుగు: గదిలో చలి, వేడి

ఏసీ చేసే పని చలిని పుట్టించడం కాదు, లోపలికి చొరబడ్డ వేడిని బయటికి తోడిపోయడం. చిల్లు పడిన పడవలోంచి నీళ్ళు తోడినట్టు. బయట 38 డిగ్రీలున్నప్పుడు లోపల 24 పెడితే తేడా 14. 26 పెడితే తేడా 12. గోడల గుండా వచ్చే వేడి ఈ తేడాకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి, రెండు డిగ్రీలు పెంచితే ఆ వేడిలో ఏడో వంతు తగ్గుతుంది. ఫ్యాను కూడా వేసుకుంటే ఒంటికి ఆ రెండు డిగ్రీల లోటు తెలియదు. అయితే ఫ్యాను మనిషిని చల్లబరుస్తుందే తప్ప గదిని కాదు. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను వల్ల ఎవరికీ లాభం లేదు.

చిల్లు పూడ్చడం తోడిపోయడం కన్నా చవక. ఎండ తగిలే కిటికీకి లోపల మందపాటి తెర వేసేకన్నా బయట చాప గానీ, వెదురు తడిక గానీ, తీగ మొక్క గానీ ఉంటే ఎక్కువ మేలు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ అప్పటికే వేడిగా మారి గదిలో చిక్కుకుపోతుంది. తెర దాన్ని ఆపలేదు, కాస్త దాస్తుంది. ఏసీ ఫిల్టరును దుమ్మును బట్టి రెండు వారాలకో, నెలకో ఒకసారి కడగాలి. ఇది ఐదు నిమిషాల పని, అయినా చాలామంది ఏడాదికోసారి మెకానిక్ వచ్చేదాకా వాయిదా వేస్తారు.

చలి ప్రాంతాల్లో ఇదే లెక్క తిరగేసి చదువుకోవాలి. గాలి వీచే రోజున వెలిగించిన కొవ్వొత్తిని, తెరలకు తగలకుండా, తలుపుల, కిటికీల అంచుల వెంబడి తిప్పండి. మంట వంగిన చోట సందు ఉన్నట్టు. ఆ సందులకు రబ్బరు పట్టీ అంటించండి. తలుపు కింద సందుకు పాత బట్టలు కుక్కిన పొడవాటి దిండు చాలు.

నాలుగో అడుగు: పొయ్యి, ఫ్రిజ్

నీరు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పెంచిన మంటంతా ఆవిరైపోవడానికే. ఆ ఆవిరి ఖరీదు చూడండి: ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి అయ్యే శక్తికి ఏడు రెట్లు, అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి కావాలి. మూత తీసి కుతకుతలాడించే గిన్నె ఇంధనాన్ని కిటికీలోంచి బయటికి పంపుతున్నట్టే. మూత పెట్టండి, మరగగానే మంట తగ్గించండి. వంటగదిలో ఇంతకు మించిన చిట్కా నాకు తెలియదు.

మిగతావి దాని వెనుక వచ్చేవే. పప్పులు, గింజలు ముందే నానబెడితే తొందరగా ఉడుకుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి వంట సమయం బాగా తగ్గుతుంది. గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగిసే మంట గిన్నెను కాక గదిని వేడిచేస్తుంది. రెండు కప్పులకు కెటిల్ నిండా నీళ్ళు కాచకండి.

ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు చాలు. తలుపు రబ్బరు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితం ముక్కను తలుపు మధ్య ఉంచి మూసి, లాగి చూడండి. సులువుగా జారి వస్తే చల్లదనం కూడా అలాగే జారిపోతోంది. ముందు రబ్బరును సబ్బు నీళ్ళతో తుడవండి, చాలాసార్లు జిడ్డే కారణం. వెనుక గోడకు ఆనించకుండా గాలి ఆడే చోటు వదలండి. వేడి వంటకాన్ని పొగలు పోయాక లోపల పెట్టండి, కానీ రెండు గంటలకు మించి బయట వదలకండి.

ఐదో అడుగు: కారే నీరు

కారే కొళాయి కింద ఒక గ్లాసు పెట్టి పది నిమిషాలు ఆగండి. పట్టిన నీటిని 144తో గుణిస్తే రోజుకు ఎంత పోతోందో తేలుతుంది. పది నిమిషాలకు 100 మిల్లీలీటర్లంటే రోజుకు 14 లీటర్లకు పైనే. చాలావరకు లోపల అరిగిన వాషర్ మారిస్తే ఆగిపోతుంది.

కనిపించని కారుడు ఫ్లష్ ట్యాంకులో ఉంటుంది. ట్యాంకు మూత తీసి నీళ్ళలో తినే రంగు కొన్ని చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ చేయకండి. కమోడ్‌లోకి రంగు దిగిందంటే లోపలి రబ్బరు మూత సరిగ్గా కూర్చోవడం లేదు. అది రాత్రంతా చప్పుడు లేకుండా పారుతూనే ఉంటుంది. పాత పెద్ద ట్యాంకులయితే నీళ్ళు నింపి మూత బిగించిన లీటరు సీసాను లోపల, మీటకు అడ్డం రాకుండా నిలబెట్టండి. ప్రతి ఫ్లష్‌కూ ఆ మేరకు నీరు తగ్గుతుంది. ఇటుక పెట్టమని కొందరు చెబుతారు, వినకండి. ఇటుక నానీ నానీ రాలి, ఆ రవ్వలు రబ్బరు మూత కింద చేరి, కొత్త కారుడు మొదలవుతుంది.

కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోయండి. సబ్బు కలిసిన నీళ్ళను తినే ఆకుల మీద చల్లవద్దు. అటువంటి నీటిని ఒక రోజుకు మించి నిల్వ ఉంచితే కంపు కొడుతుంది.

ఆరో అడుగు: పారేసే తిండి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, తినలేని తొక్కలు, ఎముకలతో కలిపి 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం హోటళ్ళలోనో దుకాణాల్లోనో కాదు, ఇళ్ళలోనే. పారేసిన తిండితోపాటు దాన్ని పండించిన నీరు, మోసుకొచ్చిన లారీ డీజిలు, వండిన మంట అన్నీ పోయినట్టే. పైగా చెత్త గుట్టల అడుగున గాలి తగలకుండా కుళ్ళినప్పుడు మీథేన్ వాయువు వెలువడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడుకు సుమారు 28 రెట్లు.

దీనికి మందు సంచి పట్టుకుని బయలుదేరే ముందు ఫ్రిజ్ తలుపు తీసి ఫోనుతో ఒక ఫోటో తీసుకోవడం. దుకాణంలో నిలబడి, ఇంట్లో ఉందో లేదో అని అనుమానంతో కొనేవే ఎక్కువగా కుళ్ళుతాయి. ఫ్రిజ్‌లో కళ్ళకు ఎదురుగా ఉండే అరను ముందు తినవలసిన వాటికి కేటాయించండి. నిన్న మిగిలినది, సగం కోసినది, గడువు దగ్గరపడినది అక్కడికే రావాలి. అడుగున మూలకు చేరినదాని సంగతి ఇక అంతే. కొన్ని పండ్లు మాగేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి, దాని ప్రభావంతో పక్కనున్న ఆకుకూరలు పసుపుబారిపోతాయి. ఆపిల్, అరటి వంటి వాటిని విడిగా ఉంచండి.

ప్యాకెట్ల మీద తేదీలను కూడా చదవడం తెలియాలి. "బెస్ట్ బిఫోర్" అని ఉంటే ఆ తేదీ దాకా రుచి, కరకర బాగుంటాయని అర్థం. దాటిన మర్నాడే అది విషం కాదు. చూసి, వాసన చూసి నిర్ణయించుకోవచ్చు. "యూజ్ బై" అని ఉంటే మాత్రం దాటాక తినకండి. అది ఆరోగ్యానికి సంబంధించిన గడువు.

ఏడో అడుగు: ఎరువు బుట్ట

ఎంత జాగ్రత్తపడినా తొక్కలు, తొడిమలు, టీ పొడి మిగులుతాయి. వాటికి ఇంట్లోనే దారి చూపించవచ్చు. నా మొదటి ప్రయత్నం మూడో వారానికే వీధిన పడింది. మూత బిగించిన బకెట్‌లో రోజూ తడి చెత్త వేస్తూ పోయాను. మూత తీసిన రోజున కుళ్ళిన గుడ్ల వాసన ఇల్లంతా కమ్ముకుంది, లోపల నల్లటి జావ తేలింది. నేను చేసింది ఎరువు కాదు, మురుగు. తప్పు చెత్తది కాదు, గాలి ఆడకపోవడం, పొడి సరుకు కలపకపోవడం. ఆ రెండూ దిద్దుకున్నాక అదే బకెట్ ఇప్పటికీ పనిచేస్తోంది.

20 లేక 25 లీటర్ల మూత ఉన్న రెండు బకెట్లు తీసుకోండి. పాతవే అయితే మేలు. అడుగున, పక్కలకు అంగుళం అంగుళం దూరంలో పెన్సిలు పట్టేంత రంధ్రాలు వేయండి. అడుగున పళ్ళెం పెట్టి, రెండు చెక్క ముక్కల మీద బకెట్‌ను ఎత్తుగా నిలబెట్టండి. కింది నుంచి గాలి వెళ్ళాలి, ఊరిన నీరు దిగాలి. ఎండ నేరుగా తగలని, వాన పడని చోటు చూడండి.

అడుగున నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు, చిన్న పుల్లలు పరచండి. ఇక రోజూ వేసే పద్ధతి ఒకటే: ఒక గిన్నె తడి చెత్త వేస్తే దాని మీద రెండు గిన్నెల పొడి సరుకు. పొడి సరుకంటే ఎండుటాకులు, రంపపు పొట్టు, చించిన వార్తాపత్రిక, ముక్కలు చేసిన అట్టపెట్టె. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, పొడి సరుకులో కర్బనం ఎక్కువ. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలయితే కర్బనం 25 నుంచి 30 పాళ్ళు కావాలి. ఆ లెక్కను ఇంట్లో ఎవరూ కొలవలేరు గనుక ఒకటికి రెండు గిన్నెలని గుర్తుంచుకుంటే చాలు. తడి చెత్త ఒక్క ముక్క కూడా పైకి కనిపించకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే చిన్న ఈగలు ముసరవు.

చెత్తను వేలెడు ముక్కలుగా కోసి వేస్తే త్వరగా మాగుతుంది. వారానికోసారి ఒక కర్రతో అడుగు నుంచి పైకి తిరగవేయండి. అప్పుడే ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. పిండిన స్పాంజిలా తడిగా తగిలి, వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. ధారగా కారితే పొడి సరుకు కలపండి. చేతిలో నిలవక పొడిపొడిగా రాలితే కాసిన్ని నీళ్ళు చిలకరించండి.

నూనె, మాంసం, పాల పదార్థాలు, పెంపుడు జంతువుల మలం వేయకండి. వాసనా, ఎలుకలూ అక్కడి నుంచే మొదలవుతాయి. నిగనిగలాడే రంగుల కాగితం, పండ్ల మీద అంటించే స్టిక్కర్లు కూడా వద్దు. కొన్ని టీ బ్యాగుల్లో ప్లాస్టిక్ పోగులుంటాయి, కాబట్టి చించి లోపలి పొడి మాత్రం వేయండి.

బుట్ట తన బాధ వాసనతోనే చెబుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే గాలి అందడం లేదు, తడి ఎక్కువైంది: తిరగవేసి పొడి సరుకు దండిగా కలపండి. మూత్రంలా ముక్కుకు ఘాటు తగిలితే నత్రజని ఎక్కువైంది, మందు అదే. చీమలు చేరితే బాగా ఎండిపోయిందని గుర్తు. తెల్లటి బూజు కనిపిస్తే కంగారు పడనక్కర లేదు, అది మన పనివాళ్ళలో ఒకటి. పురుగులు కూడా ఎరువుకు హాని చేయవు. చూడలేకపోతే పైన పొడి సరుకు మందంగా కప్పి కళ్ళు తిప్పుకోండి, నేను చేసేది అదే.

మొదటి బకెట్ నిండాక దాన్ని పక్కన పెట్టి, అప్పుడప్పుడు తిరగవేస్తూ రెండోది మొదలుపెట్టండి. వాతావరణాన్ని బట్టి రెండు నుంచి నాలుగు నెలల్లో అది నల్లగా, పొడిపొడిగా, తొలకరి తడిసిన మట్టి వాసనతో తయారవుతుంది. సిద్ధమైందో లేదో అనుమానంగా ఉంటే ఒక గుప్పెడు తడిపి, గాలి చొరబడని సంచిలో మూడు నాలుగు రోజులు మూసి ఉంచండి. తెరిచినప్పుడు దుర్వాసన వస్తే ఇంకా మాగాలి. తయారైనదాన్ని అలాగే మొక్కకు వేయకండి, నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు చాలు.

ఎనిమిదో అడుగు: పొడి చెత్త

తడి చెత్త విడిపోయాక మిగిలిన బుట్ట వాసన రాదు, రోజూ బయట పెట్టవలసిన పనీ ఉండదు. ప్లాస్టిక్ డబ్బాల అడుగున త్రికోణంలో ఉండే అంకెను చూసి అది రీసైకిల్ అవుతుందని చాలామంది నమ్ముతారు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన ఆ గుర్తు చెప్పేది ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే. 1, 2 అంకెలున్న సీసాలకు గిరాకీ ఎక్కువ. చాలాచోట్ల 5కూ కొనేవారుంటారు. మిగతావి మీ దగ్గర తీసుకునేవారినే అడిగి తెలుసుకోండి. ప్రపంచంలో వచ్చే ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయ్యేది పదో వంతు కూడా లేదు. కాబట్టి ఏరి బుట్టలో వేసినంత మాత్రాన పాపం కడుక్కుపోయినట్టు కాదు. అల్యూమినియం సంగతి వేరు. డబ్బాలను కరిగించి మళ్ళీ వాడితే ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో 95 శాతం మిగులుతుంది. ఒక్క డబ్బా కూడా పారేయకండి.

ఏ డబ్బా అయినా ఒకసారి నీళ్ళతో తొలిచి ఆరబెట్టి వేయండి. జిడ్డు పట్టిన అట్ట ఒకటి చేరితే పక్కనున్న మంచి కాగితం కూడా చెడుతుంది. బ్యాటరీలు, పాత ఫోన్లు, కాలం చెల్లిన మందులు వేరే డబ్బాలో దాచి, సేకరించే చోట ఇవ్వండి. లిథియం బ్యాటరీ చెత్త లారీలో నలిగితే మంట అంటుకుంటుంది.

శుభ్రం చేసే రసాయనాల గురించి రెండే మాటలు. వెనిగర్, వంట సోడా రెండూ కలిపి బుసబుస పొంగించే చిట్కా చూడముచ్చటగా ఉంటుంది గానీ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. విడివిడిగా వాడండి. బ్లీచింగ్ ద్రావణాన్ని మాత్రం వెనిగర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న దేనితో గానీ ఎన్నడూ కలపవద్దు. విషవాయువు పుడుతుంది.

తొమ్మిదో అడుగు: కొనకపోవడం

గుడ్డ సంచి కథ ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ సంచి కన్నా నూలు సంచి వాతావరణానికి మేలు అనిపించుకోవాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. ఇది వాతావరణం వరకే, చెత్తగా మిగిలే ప్లాస్టిక్ బాధ వేరే లెక్క. గుడ్డ సంచి చెడ్డదని కాదు. పది గుడ్డ సంచులు కొని అటక మీద పెట్టడం చెడ్డది. ఇంట్లో ఉన్న సంచి ఏదైనా చిరిగేదాకా వాడటమే మంచిది. ఫోనుల విషయంలోనూ అంతే. వాటి వల్ల కలిగే నష్టంలో ఎక్కువ భాగం తయారీలోనే జరిగిపోతుంది. బ్యాటరీ మార్పించి ఇంకో రెండేళ్ళు నడిపితే అదే పెద్ద ఆదా.

దీనికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. కొనాలనిపించిన వస్తువు పేరు, ఆ రోజు తేదీ ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో రాస్తాను. నెల తరువాత కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనడమో, ఎవరినైనా అడిగి తెచ్చుకోవడమో చేస్తాను. ఏడాదికి రెండుసార్లు వాడే డ్రిల్లింగ్ యంత్రం, నిచ్చెన వంటివి పక్కింటివాళ్ళ దగ్గర ఉంటే చాలు. తప్పనిసరిగా కొత్తది కొనవలసి వస్తే, ముఖ్యంగా ఫ్రిజ్, ఏసీ వంటివి, లేబుల్‌లో నక్షత్రాల కన్నా ఏడాదికి ఎన్ని యూనిట్లన్న అంకె చూడండి. ఎక్కువ నక్షత్రాలున్న పెద్ద ఫ్రిజ్, తక్కువ నక్షత్రాలున్న చిన్న ఫ్రిజ్ కన్నా ఎక్కువ తినవచ్చు.

మొదటి వారం నోటుపుస్తకం పారేయకండి. మూడు నెలల తరువాత మళ్ళీ ఒక వారం అలాగే రాయండి. కానీ ఈ నెలను పోయిన నెలతో పోల్చకండి. ఎండలు, చలి మారితే అంకెలూ మారతాయి. పాత బిల్లులు ఉంటే పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి, ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగించండి. అంకె పెరిగిన చోట తిట్టుకోకుండా, పక్కన కారణం రాసి పెట్టండి. మా పుస్తకంలో అలాంటివి మూడున్నాయి: "చుట్టాలు, నాలుగు రోజులు", "వడగాలి", "గీజర్ ఆపడం మరిచిపోయి ఊరికి వెళ్ళాం".